ఏడు ఇళ్ల మేస్త్రీ మావయ్య

మేస్త్రీ మావయ్య పోయాడన్న కబురు నాకు విశాఖపట్నం హాస్టల్ మెస్‌లో, టిఫిన్ వేళ, అమ్మ ఫోన్‌లో తెలిసింది. "మేస్త్రీ అన్నయ్య ఎల్పోనాడే తల్లీ," అంది అమ్మ. పొద్దున్నే పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో ఊపిరి అందక పోయాడట. నాన్న హార్బర్ ఫెర్రీ మీద పనిచేస్తాడు. ఆ పూట డ్యూటీ నాన్నదే. మావయ్యను ఆ ఫెర్రీ మీదే ఇవతలి ఒడ్డుకు, మా హోప్ టౌన్‌కు తీసుకొచ్చారట. మెస్‌లో ఎవరో సాంబారు కావాలా అని అడిగితే కావాలన్నాను. ఎందుకన్నానో తెలియదు.

సెలవులకు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఏడాది కిందట నేను ఆయన్ని ఒక మాట అన్నాను. మనిషిని అనకూడని మాట. దాన్ని వెనక్కి తీసుకునే మాట ఒకటి ఈ మధ్యే సిద్ధం చేసుకున్నాను. ఎదురుగా నిలబడి చెప్పాలనుకున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ తప్పు ఒప్పుకోవడం ముఖాముఖి జరగాలని, ఫోన్‌లో అయితే అది పిరికితనమని నాకు నేనే ఒక సిద్ధాంతం కట్టుకున్నాను. కరపత్రాలు చదివి పెరిగినవాళ్లకు సిద్ధాంతాలు తొందరగా వస్తాయి.

ఆయన మీకెవరికీ తెలియదు. తెలిసే వీలు లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో, హోప్ టౌన్‌లో, రంగత్ దాకా ఆయన చేతిమీద లేచిన గోడలు చాలా ఉన్నాయి. ఒక్క గోడ మీదా ఆయన పేరు లేదు. శిలాఫలకం మీద పేరుండేది రిబ్బను కత్తిరించినవాడికి. ఈ మాట ఆయనతో అంటే నవ్వి, "పేరు రాసీడానికి మళ్లీ సిమెంటు దండగ గుంటా," అనేవాడు. మా వైపు గుంట అంటే పిల్ల.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత ఏ ఓడలో వచ్చాడో, ఆ ఓడలోనే చేతిలో తాపీతో ఆయనా వచ్చాడు. ఆ ఒక్క ఓడ చుట్టరికంతో అమ్మకు అన్నయ్య అయ్యాడు, నాకు మావయ్య అయ్యాడు. ఆయన భార్యను అత్త అని పిలుస్తాను. అత్త కూడా ఆయన పనుల్లోనే తట్ట మోసేది. స్లాబ్ వేసిన రోజు అందరికీ కోడికూర భోజనం పెట్టడం మా దగ్గర రివాజు. ఆ రోజు మావయ్య ఎవర్నీ ముందు కూర్చోనిచ్చేవాడు కాదు, ఇంటి యజమానినైనా సరే. "నెత్తిన మోసినోలు ముందు తింటారు. సంతకాలు ఎట్టినోలు తరవాత." ఆ మాట ఏ కరపత్రంలోనూ నాకు దొరకలేదు.

మాకు ఏటి ఇసుక లేదు. దీవి కదా, ఉన్నదంతా సముద్రపు ఇసుకే. ఆ ఇసుకలో ఉప్పుంటుంది. ఉప్పు స్లాబ్ లోపలికి పోయిందంటే ఇనుప చువ్వల్ని మెల్లగా తినేస్తుంది. అందుకని మావయ్య ఇసుకను ఏటవాలు నేల మీద గుట్ట పోయించి, ఒక వానాకాలమంతా వదిలేసేవాడు. ఒక వాన తిన్న ఇసుక గోడలకు, రెండు వానలు తిన్న ఇసుక స్లాబ్‌కు. ఆ తర్వాత గుట్టలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, లోపలి ఇసుక చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేవాడు. కళ్లు మూసుకునేవాడు. పనివాళ్లంతా ఆగిపోయేవాళ్లు. ఉమ్మేసి, "తియ్యగుంది, కలపండి," అంటే పని మొదలు. లేకపోతే, "ఇదింకా సముద్రంలోనే ఉందిరా," అని తువ్వాలు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు. కాంట్రాక్టర్లు బతిమాలినా, తిట్టినా తిరిగి వచ్చేవాడు కాదు. చిన్నప్పుడు మేం పిల్లలం మట్టి నాకి, కళ్లు మూసుకుని, "ఇదింకా సముద్రంలోనే ఉంది," అని ఆడుకునేవాళ్లం. అమ్మ వీపు మీద ఒకటిచ్చేది.

సునామీ వచ్చేనాటికి నాకు ఆరేళ్లు. ఒడ్డునున్న మా ఇల్లు పోయింది. నేల కూడా కుంగింది. నిన్నటిదాకా కొబ్బరి తోట అన్నచోట నీళ్లు వచ్చి నిలబడి మరి వెళ్లలేదు. మేం రేకుల షెడ్డులో ఉండేవాళ్లం. ఎండకు రేకు కాలేది, వానకు మాట వినపడేది కాదు. అప్పటి సంగతులు నాకు గుర్తున్నవి తక్కువ. గట్టిగా గుర్తున్నది నీళ్లు. ట్యాంకరు వచ్చిన రోజు వచ్చేది, రాని రోజు బావే దిక్కు. ఆ బావిలోకి సముద్రం వచ్చి వెళ్లింది. మొదట్లో తాగితే వాంతయ్యేది. తర్వాత తర్వాత అలవాటైంది. టీ ఉప్పగా ఉందని ఎవరూ అనడం మానేశారు. కొన్నాళ్లకు ఉప్పగా ఉందని తెలియడం కూడా పోయింది.

గట్టు మీద కొత్త ఇళ్లు కట్టుకోవచ్చన్నప్పుడు ఏడు కుటుంబాల వాళ్లు మావయ్య దగ్గరికి వెళ్లారు. మా ఇల్లు ఆ ఏడింట్లో ఒకటి. మేం ఆ ఇంట్లోకి వెళ్లిన రోజు అమ్మ గోడకు చెంప ఆనించి నిలబడటం నాకు గుర్తు.

నేను తెలుగు చదవడం బడిలో నేర్చుకోలేదు. మా చదువంతా హిందీ, ఇంగ్లీషు. జెట్టీ దగ్గర ఆంధ్రా వాళ్ల కిరాణా షాపు ఒకటుంది. విశాఖ ఓడలో ఆ షాపాయనకు వచ్చే పెట్టెల్లో గాజు సామాను పగలకుండా పాత తెలుగు కాగితాలు కుక్కి పంపేవారు. అందులో సగం కరపత్రాలే. యూనియన్లవి, సైన్సు ప్రచారం వాళ్లవి, ఎవరెవరివో. ఆయన చిత్తుకాగితాలని పారేసేవాడు, నేను ఇస్త్రీ పెట్టుకుని చదివేదాన్ని. పద్నాలుగేళ్లు వచ్చేసరికి నాకు ప్రపంచంలో ప్రతి దానిమీదా ఒక అభిప్రాయం ఉండేది, ప్రతి అభిప్రాయం చివరా ఒక ఆశ్చర్యార్థకం ఉండేది. మావయ్యకు చదువు రాదు. ఆదివారం సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని చదివించుకునేవాడు.

"దోపిడీ లేని సమాజాన్ని నిర్మిద్దాం!" అని నేను గొంతెత్తి చదివితే, ఆయన బీడీ పక్కకు తీసి, "కడతారన్నమాట. మరి పునాది ఎంత లోతు తియ్యాలో రాసినాడేటి?" అని అడిగేవాడు.

"మావయ్యా, ఇది ఇల్లు కాదు. సమాజం."

"ఏదైనా నేల మీదే గదా కట్టడం. రాతినేలా, బురదనేలా సూడకుండా కట్టెస్తాడేటి? ఉత్తరం రాసి అడుగు ఆణ్ణి."

నాకు ఒళ్లు మండేది. కాగితం మడిచి లోపలికి పోయేదాన్ని. పై ఆదివారం మళ్లీ వచ్చేవాడు. "ఆ పునాది తియ్యనోడు ఈ వారం ఏటంటన్నాడు?" అనేవాడు.

పన్నెండో తరగతి అయ్యాక ఇంట్లో గొడవ మొదలైంది. నాన్న నర్సింగ్ అన్నాడు. అమ్మ టీచర్ ట్రైనింగ్ అంది. నేను విశాఖలో పొలిటికల్ సైన్స్ అన్నాను. ఫారం నింపి కూడా పెట్టుకున్నాను. ఆ వారంలోనే మావయ్య మాయాబందర్ వైపు ఒక జెట్టీ పని మీద నాలుగు నెలలుండి తిరిగొచ్చాడు. వచ్చీరాగానే జేబులోంచి సిమెంటు సంచి కాగితం ముక్క ఒకటి తీసి నా ముందు పెట్టాడు. ఇంగ్లీషులో ఎవరో అందంగా రాసి ఉంది: కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్.

"నువ్విది సదవాల," అన్నాడు.

అక్కడ ఇరవై రెండు ఇరవై మూడేళ్ల పిల్ల ఒకతి పని చూసేదట. పడవలో వచ్చిన సిమెంటు సంచులు సముద్రపు తుంపరకు తడిశాయట. కాంట్రాక్టరు తడిసిన సంచుల్నే మిక్సర్‌లో పొయ్యమన్నాడట. ఆ తర్వాతది మావయ్య నిలబడి ఆడి చూపించాడు. "ఆ గుంట ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి మిక్సర్‌కి అడ్డంగా ఏసుకుని కూకుంది. ఆడు గొంతు సించుకుంటన్నాడు. 'ఆజ్ నహీ హోగా' అంది. ఆడు సాబ్‌కి ఫోను సేస్తానన్నాడు. 'కర్ లో, నహీ హోగా' అంది. అయినేదు గుంటా! ఆ రోజు పని నిజంగా అయినేదు! నలబై ఏళ్లలో నాను సూణ్ణేదు అలగ. పని ఆపినోడు కూలి పోగొట్టుకున్నాడు గాని, ఆపినోడి మాట నెగ్గడం సూణ్ణేదు. అప్పుడడిగినాను, బేటీ నువ్వేటి సదివినావని. ఇదిగో, రాసిచ్చింది."

నేను ఆ కాగితం వైపు చూడను కూడా లేదు. "అంటే కూలీల మీద కర్ర పట్టుకు నిలబడే చదువన్నమాట. యాజమాన్యం పక్షం. నేను చదవను."

"కర్ర పట్టుకునీవోడు ఎలగూ ఉంటాడు. ఆ కర్రని పట్టుకుని ఆపీ ఓలు కావాల."

"ఇంజినీర్లున్నారుగా!"

"ఉన్నారు. ఆలు గీత గీస్తారు. ఆ గీత కాడ ఏ రోజు ఎవడు ఏటి పోస్తన్నాడో ఎవడు సూస్తాడు?"

ఆయన ముందు ఒప్పుకోలేదు గాని, ఆయన వెళ్లాక నాన్న ఫోన్‌లో ఆ చదువు సంగతి వెతికాను. సివిల్ ఇంజినీరింగ్‌లో ఇల్లు ఎందుకు నిలబడుతుందో చెబుతారు. ఇందులో అది ఏ వరసలో, ఎవరి చేతుల మీదుగా, ఏ సరుకుతో లేస్తుందో చెబుతారు. సరుకు పరీక్ష ఒక పేపరు. పనిచోట భద్రత ఒక పేపరు. ఒప్పందాలు ఒకటి. మూడో ఏడాదిలో కార్మిక చట్టం. ఆ చివరిది చదివి కాసేపు ఫోన్ పట్టుకునే కూర్చున్నాను. అయినా పొలిటికల్ సైన్స్ ఫారం చింపలేదు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం మావయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి అరుగు మీద కూర్చోలేదు. మా వీధి గుమ్మం పైన సన్‌షేడ్ కింద నిలబడి తల ఎత్తి చూశాడు. చేత్తో ఒకచోట నొక్కితే సిమెంటు పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. వెనక చువ్వ కనిపించింది. చువ్వలా లేదు, ఎర్రటి పొరలు పొరలుగా ఉంది.

"ఇది నా గల్తీ గుంటా," అన్నాడు. "నీకు సెప్పాల."

నిలబడే చెప్పాడు. సునామీ తర్వాత ఏడిళ్ల వాళ్లూ వానలొచ్చేలోగా కట్టెయ్యమని కాళ్లావేళ్లా పడ్డారు. షెడ్డులో పిల్లలకు జ్వరాలు. ఇసుకను ఒక వానాకాలం వదిలే వ్యవధి లేదు. అందుకని జీవితంలో మొదటిసారి ఇసుకను వానకు వదలకుండా బావి నీళ్లతో కడిగించాడు. మూడుసార్లు కడిగించి, మూడుసార్లు నాలుక మీద వేసుకుని చూశాడు. తియ్యగా ఉంది. కలపమన్నాడు.

"బావి నీల్లే ఉప్పన. అప్పటికి పదిహేను నెలలై ఆ నీల్లే తాగతన్నాను. నా నాలిక్కి ఉప్పు తెలడం పోనాది. పోనాదని నాకు తెల్లేదు. నలబై ఏళ్లు దాన్నే నమ్ముకున్నాను. దాన్ని ఎవడు పరీక్ష సేస్తాడు?"

రెండేళ్ల కిందట ఏడింట్లో మొదటి ఇంటి సన్‌షేడ్ పెచ్చులూడినప్పుడు ఆయనకు అర్థమైంది. అప్పట్నుంచి ఒక్కొక్క ఇంటికీ వెళ్లి, ఇది నా తప్పు అని చెప్పి, కప్పు కింద కర్రల ఆసరా పెట్టి, వాళ్లను బయటికి తరలించి, కూలి తీసుకోకుండా పైకప్పు కొట్టి మళ్లీ వేస్తున్నాడు. ఒక ఇంటావిడ ముఖాన నీళ్లు కొట్టిందట. ఇంకొకాయన ఏమీ అనకుండా అన్నం పెట్టాడట. ఆ అన్నం తినడమే కష్టమైందన్నాడు. ఆరిళ్లు అయ్యాయి. అవి మామూలు మరమ్మతులనే నేను అనుకున్నాను. మాది ఏడోది.

"రెండేళ్లా?" అన్నాను.

"నీ కాడికి రాడానికి బయమేసింది."

ఆ తర్వాత నేను అన్నవి ఇక్కడ రాస్తున్నాను, దాచుకుంటే ఈ స్మృతికి అర్థం లేదు. "మా నెత్తి మీద ఉప్పు పోశావా మావయ్యా? పదేళ్లకు పైగా మా అమ్మ దాని కింద పడుకుంది! తెలిసీ రెండేళ్లు మా అరుగు మీద కూర్చుని నా చేత కాగితాలు చదివించుకున్నావా? కాంట్రాక్టర్లకూ నీకూ తేడా ఏముంది? ఆ నాలుక కోసి సముద్రంలో పారెయ్యాలి!"

వీధిలో మనుషులు ఆగారు. అమ్మ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి నా నోరు మూసింది. "అన్నయ్యా, అది పాగల్‌ది, దాని మాటలు పట్టించుకోకు," అని ఏడ్చింది.

మావయ్య అమ్మ చెయ్యి నా నోటి మీద నుంచి తీసేశాడు.

"అరవనీ. బాగా అరుస్తాది. ఈ అరుపే గుంటా నాను సెప్తన్నది. స్లాబ్ ఎయ్యకముందు అరవాల ఇది. ఆ రోజు నా ఎదర నిలబడి ఇలగ అరిసినోలు ఒక్కరు నేరు. అందరూ బేగి కట్టీ, బేగి కట్టీ అన్నోల్లే. నానూ బేగి కట్టీసినాను. నాలికా గీలికా కాదు, కాగితం సూపించు అని అడిగీ మనిషి ఒక్కరుంటే సాలు. నువ్వు అడుగుతావు. నాను సచ్చినా అడుగుతావు."

సిమెంటు సంచి కాగితాన్ని మెట్టు మీద పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద ఊడిన పెచ్చు పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన మాట విని ఆ డిగ్రీలో చేరానని ఊళ్లో అందరూ అనుకున్నారు. అది నిజం కాదు. కోపంతో చేరాను. ఆయన తప్పు ఎంత పెద్దదో కాగితం మీద రుజువు చేసి ఆయన ముందే పడెయ్యాలని చేరాను. ఆ పెచ్చును పాత చున్నీలో చుట్టి ట్రంకు పెట్టెలో వేసుకున్నాను. అమ్మ చూసింది. ఓడ ఎక్కే రోజు మావయ్య రేవుకు వచ్చి నాన్న వెనక నిలబడ్డాడు. నాన్నకు చెయ్యి ఊపాను. ఆయన వైపు చూడలేదు. ఓడ కదిలాక చూశాను. అప్పటికి మనుషులు మనుషుల్లా లేరు, ఆయన భుజం మీద తెల్ల తువ్వాలు మాత్రం తెలిసింది.

రెండో సెమిస్టర్‌లో సరుకు పరీక్షల ల్యాబ్ వచ్చింది. మాస్టార్ని అడిగి నా పెచ్చును పొడి చేశాను. నీళ్లలో కలిపి, వడకట్టి, సీసాలోంచి మందు చుక్కలు వేస్తే అది పాలలా తెల్లబడింది. ఉప్పుంటే అలా అవుతుంది. మాస్టారు వంగి చూసి ముఖం చిట్లించారు.

"ఇదెక్కడిది? దీని కింద మనుషులున్నారా?"

"మా ఇల్లే సార్."

"ఉప్పుందని ఎవరికి అనుమానం వచ్చింది? మీ నాన్నగారికా?"

"కాదు సార్. కట్టిన మేస్త్రీయే చెప్పాడు."

మాస్టారు కళ్లజోడు తీశారు. "కట్టినవాడే వచ్చి చెప్పాడా? ఎవరూ అడక్కుండా?" ఆ తెల్ల నీళ్లను మళ్లీ చూశారు. "నేను కూలిన బిల్డింగులు చాలా చూశానమ్మా, రిపోర్టులు రాశాను. సిమెంటుది తప్పన్నవాణ్ణి చూశాను, వానది తప్పన్నవాణ్ణి చూశాను. నాది తప్పన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు."

ల్యాబ్ కాగితం మీద రుజువు దొరికింది. దానిని విసిరికొట్టాల్సిన కోపం మాత్రం ఎక్కడికో పోయింది. అయినా నాది మొండి బుర్ర. నాలుకకు ఉప్పు తెలియకపోవడం నిజమా, సాకా అన్నది తేల్చుకోవాలనుకున్నాను. హాస్టల్‌లో నీళ్ల సీసాలో చెంచాడు ఉప్పు కలుపుకుని పది రోజులు అవే తాగాను. నా రూమ్మేటు, "నీకు పిచ్చే, పక్కా పిచ్చి," అని నవ్వింది, తర్వాత భయపడింది. పదకొండో రోజున ఆ అమ్మాయి చేత రెండు పొట్లాలు కట్టించాను. ఒకదాంట్లో బాగా కడిగిన ఇసుక, ఇంకొకదాంట్లో బావి ఉప్పునీళ్లతో కడిగినట్టు తయారుచేసినది. ఏది ఏదో నాకు చెప్పొద్దన్నాను. కళ్లు మూసుకుని రెండూ నాలుక మీద వేసుకున్నాను.

రెండూ తియ్యగా ఉన్నాయి.

అదీ నా దగ్గర ఉండిపోయిన మాట. నేనూ కనుక్కోలేకపోయాను మావయ్యా. అంతే. తప్పు తప్పే, తొందర తప్పే, రెండేళ్ల మౌనం ఇంకా పెద్ద తప్పు. కానీ నాలుక కోసి పారెయ్యాల్సినంత ద్రోహం అందులో లేదు. ఈ నాలుగు ముక్కలు ఎదురుగా చెప్పాలని నెలరోజులు దాచుకున్నాను. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, "మేస్త్రీ అన్నయ్య నీ చదువు గురించి అడిగినాడే," అనేది. "వచ్చాక చెబుతానని చెప్పు," అనేదాన్ని.

ఓడ తొమ్మిది రోజుల తర్వాత దొరికింది. సముద్రం మీద మూడు రోజులు. నేను దిగేసరికి కర్మ కూడా అయిపోయింది.

ఇంటికి వెళ్లబోతే నాన్న చెయ్యి పట్టుకుని పక్క పెరటి వైపు తిప్పాడు. అక్కడ రేకుల షెడ్డులో మా మంచం, మా గిన్నెలు, అమ్మ. నేను విశాఖ వెళ్లిన వారానికే మావయ్య వాళ్లను ఇంట్లోంచి బయటికి తెచ్చి, కప్పు కింద కర్రలు నిలబెట్టాడట. ఏడాదిగా అక్కడే ఉంటున్నారు. ఒక వానాకాలం గడిచింది, రెండోది మొదలైంది. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

"నీ సదువు పాడవుద్దని సెప్పొద్దన్నాడే," అంది అమ్మ. "కప్పు కొట్టీమని మీ నాన్న అంటే ఒప్పుకోనేదు. పెచ్చు అట్టుకెల్లింది గదా, అది పరీక్ష సేసి ఒచ్చి సెప్పాల, అప్పుడు కొడతానన్నాడు. ఇదొక్కటైనా కాగితం సూసి కొడతాను సెల్లీ అన్నాడు."

ఆ కాగితం నా సంచిలో ఉంది. నెల రోజుల్నుంచి ఉంది. నేను ముఖాముఖి సిద్ధాంతం కట్టుకుని కూర్చున్న నెలంతా ఆయన దాని కోసం చూశాడు, అమ్మ రేకుల కింద తడిసింది. రెండేళ్లు ఊరుకున్నావా అని ఆయన మీద అరిచినదాన్ని నేనే.

మర్నాడు పొద్దున ఆయన మనుషులు వచ్చారు, సమ్మెటలు, తట్టలు పట్టుకుని. ముందు అత్త. ఆవిడ నుదుట బొట్టు లేదు, తలకు గుడ్డ ఎప్పటిలాగే చుట్టుకుంది. నేను ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఉప్పునీళ్ల సంగతి, రెండు పొట్లాల సంగతి అంతా చెప్పాను. "నేనూ కనుక్కోలేకపోయానత్తా," అన్నాను. ఆవిడ నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను.

"ఆ మాట మీ మావకి సెప్పాల్సింది," అంది అత్త. "నాకెందుకే?"

నిజమే. ఆవిడే, "కాగితమేదీ?" అంది. ఇచ్చాను. ఆవిడకు చదువు రాదు, అయినా పైనుంచి కిందిదాకా చూసి మడిచి జాకెట్లో పెట్టుకుంది. మనుషులు నిచ్చెనలేసి కప్పు మీదికి ఎక్కారు. అందరూ నా వైపు చూస్తున్నారు.

"సెప్పు మరి. కొట్టాలా, ఒద్దా?"

"కొట్టండి," అన్నాను.

"పైనున్నోలకి ఇనపడనేదు," అంది అత్త. "అరూ."

అరిచాను. ఊరంతా వినేట్టు అరిచాను. మొదటి సమ్మెట దెబ్బకు కాకులు లేచిపోయాయి.

నాలుగు రోజులు పట్టింది. చువ్వలు చాలాచోట్ల వేళ్లతో విరిగాయి. చివరి ముక్క దించిన సాయంత్రం వాన మొదలైంది. మనుషులు సమ్మెటలు భుజాన వేసుకుని షెడ్డు కిందికి పరుగెత్తారు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. నాలుగు గోడలు, పైన ఆకాశం. సునామీ తర్వాత మేం ఎంత తొందరపడ్డామో ఆ ఇంటి నేల చూస్తే తెలుస్తుంది. గచ్చు పూర్తిగా ఆరకముందే మంచం తెచ్చి వేసేశాం. దాని నాలుగు కాళ్ల గుర్తులు నేలలో నాలుగు చిన్న గుంటల్లా దిగిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లూ మంచం వాటిమీదే ఉంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. ఇప్పుడు వాటిలోకి వాన పడుతోంది. ఒకటి నిండింది, తర్వాత పక్కది. నాలుగూ నిండి, పొంగి, నేలంతా ఒకటే నీరై గుమ్మం దాటి నా కాళ్ల మీదుగా కిందికి, సముద్రం వైపు పోయింది.